గోదావరి డెల్టాలో తేలికపాటి ఓపెన్ టాప్ కారు: కొనే రోజు నుంచి ట్రాక్ ఎక్కించేదాకా

మా ఊరి రైస్ మిల్లు పక్కన ధాన్యం లారీలు తూచే కాటా ఉంది. నా బండి ఇంటికొచ్చిన వారానికి తీసుకెళ్లి దాని మీద పెట్టించాను. 740 కిలోలు చూపించింది. కాటా అబ్బాయి నమ్మలేక రెండోసారి తూచాడు. మారుతి స్విఫ్ట్ 900 కిలోల దగ్గర తూగుతుంది మరి.

ఆ తేలికదనం కోసమే ఈ బండి కొన్నాను. స్టీరింగ్ కొంచెం తిప్పితే బండంతా ఒకేసారి తిరుగుతుంది. బ్రేకుకి పెద్దగా పని ఉండదు, టైర్లు త్వరగా అరగవు. కానీ మనం ఉండేది డెల్టాలో. చుట్టూ కాలువలు, చేలు, రొయ్యల చెరువులు, దిగువన సముద్రం. కప్పు లేని బండిని ఇక్కడ పెంచుకోవాలంటే వేగం గురించి కన్నా తడి గురించి ఎక్కువ ఆలోచించాలి. అయిదేళ్లలో నేను చేసి చూసినవి వరసగా చెబుతాను.

ముందు ఏ బండో తేల్చుకోండి

ఈ తరహా బండ్ల గురించి మాట్లాడితే అందరూ మొదట చెప్పేది లోటస్ సెవెన్. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చాడు. పైపుల ఫ్రేము, దాని మీద అల్యూమినియం రేకు, ముందు ఇంజన్, వెనక చక్రాలకు డ్రైవ్. వారమంతా రోడ్డు మీద తిప్పుకుని, ఆదివారం అదే బండిలో ట్రాక్‌కి వెళ్లి, పందెంలో దిగి, అదే బండిలో ఇంటికి రావచ్చన్నది దాని ఆలోచన. 1973లో తయారీ హక్కులు కేటరమ్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి, ఆ ఆకారం ఇప్పటికీ తయారవుతూనే ఉంది. మజ్దా 1989లో తెచ్చిన ఎంఎక్స్-5 కూడా ఆ దారిలోదే, కాకపోతే దానికి తలుపులు, సరైన మడత టాపు ఉంటాయి. దాన్ని మజ్దా మన దేశంలో అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు.

మన దగ్గర తయారైనవాటిలో చింకారా రోడ్‌స్టర్ 1.8ఎస్ సెవెన్ పోలికలో ఉంటుంది. ఫైబర్ బాడీ, ఇసుజు 1.8 లీటర్ పెట్రోలు ఇంజన్. సాన్ స్టార్మ్ కూడా ఫైబర్ బాడీయే, అందులో రెనో 1.2 లీటర్ ఇంజన్ ఉంటుంది. రెండూ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవలసినవే. షోరూములో కొత్తగా దొరికే ఓపెన్ టాప్ కార్లు టన్నున్నర, రెండు టన్నులు ఉంటాయి. అవి వేరే జాతి, వాటి జోలికి నేను పోను.

నా సలహా ఒక్కటే, ఇంజన్‌ని చూసి కొనండి. నాది ఇసుజు ఇంజన్ పెట్టిన సెవెన్ తరహా బండి. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో, కాంటెస్సాలో వచ్చింది ఇసుజు 1.8 ఇంజనే. అంబాసిడర్ టాక్సీలు తిరిగిన రోజుల్లో చేయి తిరిగిన మేస్త్రీలు రాజమండ్రి, కాకినాడల్లో ఇంకా ఉన్నారు. బండిని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు, బానెట్ తీస్తే మాత్రం పాత చుట్టాన్ని చూసినట్టు పలకరిస్తారు. అలాంటి మనిషి మీకు 30 కిలోమీటర్ల లోపు లేకపోతే ఎంత మంచి బండైనా షెడ్డులో బొమ్మలా నిలబడిపోతుంది.

చూడటానికి వెళ్లినప్పుడు పెయింటు మెరుపు పట్టించుకోకండి. సీట్లు తీయించండి. ఫ్రేము పైపుల మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి పైపు ఖణేల్‌మంటుంది. లోపల తుప్పు తిన్న చోట మొద్దుగా శబ్దం వస్తుంది. స్టీలు పైపు మీద అల్యూమినియం రేకు బిగించిన రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అక్కడ రెండు లోహాల మధ్య తడి చేరి, అల్యూమినియాన్ని తినేస్తోందని అర్థం. ఫైబర్ బాడీ అయితే హింజీల దగ్గర, ల్యాంపుల చుట్టూ వెంట్రుకలాంటి పగుళ్లు వెతకండి. ఎంఎక్స్-5 లాంటి మడత టాపు బండి ఏదైనా వస్తే టాపు వెనక మూలల్లో నీళ్లు దిగే రంధ్రాల్లోకి చిన్న తీగ పెట్టి చూడండి. అవి పూడితే నీళ్లు తలుపు కింది బాక్సులోకి దిగి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. ఇక డ్రైవర్ తల వెనక రోల్ బార్, అంటే బండి బోల్తా పడితే తలని కాపాడే గట్టి కడ్డీ, లేని ఓపెన్ బండి కొనవద్దు. ధర తగ్గించినా వద్దు.

కాగితాలు

ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌వోసీ, అంటే ఫారం 28, చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. పాత బండ్లే కొంటాం కాబట్టి ఆ తేదీ ముందే చూసుకోండి. ఇంజన్ మార్చి ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

ఇన్సూరెన్స్ పాలసీలో 'వాడకం పరిమితులు' అన్న పేరా తప్పకుండా చదవండి. రేసింగుకీ, స్పీడ్ టెస్టింగుకీ మామూలు పాలసీ వర్తించదు. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ ఖర్చు పూర్తిగా మీదే.

షెడ్డు సిద్ధం చేశాకే బండి తెచ్చుకోండి

కోనసీమలో నీడంటే కొబ్బరి చెట్టు. ఈ బండిని మాత్రం పది నిమిషాలకైనా దాని కింద ఆపకండి. మామూలు కారు మీద కాయ పడితే సొట్ట. ఓపెన్ బండిలో అదే కాయ మీ సీట్లో పడుతుంది. కాయ పడకపోయినా మట్ట పడుతుంది. చుట్టాలింటికి వెళ్లినా తలెత్తి చూసి ఆపడం అలవాటు చేసుకోండి.

షెడ్డు నేల ఊళ్లో రోడ్డు కన్నా కనీసం రెండడుగులు ఎత్తు ఉండాలి. సిమెంటు వేసే ముందు కింద మందపాటి పాలిథిన్ షీటు పరిపించండి, లేకపోతే నేల చెమ్మ ఏడాది పొడవునా ఫ్రేముని తడుపుతూనే ఉంటుంది. రెండు వైపులా గాలి ఆడాలి. బండి మీద టార్పాలిన్ కప్పితే లోపల ఆవిరి పట్టి, వాన కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. పాత నూలు దుప్పటి చాలు. ముసురు పట్టిన రోజుల్లో సీట్ల కింద 60 వాట్ల పాత రకం బల్బు ఒకటి జాలీ పంజరంలో పెట్టి, దేనికీ తగలకుండా వెలిగిస్తాను. ఆ కొద్దిపాటి వెచ్చదనానికి సీట్లకు బూజు పట్టదు.

టాపు తడిగా ఉండగా మడవకండి. నేను మొదటి ఏడాది ఒక రాత్రి వానలో తడిసి వచ్చి, అలాగే మడిచి పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత విప్పితే మడతల్లో నల్లటి బూజు చుక్కలు, ప్లాస్టిక్ కిటికీ మీద తెల్లటి మరక. ఆ చుక్కలు ఇప్పటికీ పోలేదు. తడిసిన టాపుని విప్పి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే మడవాలి.

ఎలుకలకి వైర్లంటే ఇష్టం. కోతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యాక ఇళ్ల వైపు వస్తాయి. గాలి తీసుకునే గొట్టానికి, సైలెన్సర్ మూతికి ఇనప జాలీ కట్టండి, బయల్దేరే ముందు తీయడం గుర్తుండేలా ఎర్ర గుడ్డ ముక్క కూడా. బండి నెల రోజులు కదలకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి వదలకండి, ఈ గాలికి బ్రేకు అక్కడే పట్టేసుకుంటుంది. గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టండి.

కడగడం గురించి ఒక మాట. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే తుప్పుని మీరే పిలిచినట్టు. నేను వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు తెప్పించుకుంటాను. బండి చిన్నది, రెండు క్యాన్లు చాలు. అంతర్వేదో, ఓడలరేవో వెళ్లొచ్చిన రోజు పైన కడగకపోయినా పర్లేదు, చక్రాల లోపలి వైపు, ఫ్రేము అడుగు మాత్రం మంచినీళ్లు కొట్టాలి. రేడియేటర్లో కూడా డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకేమీ పోయకండి.

గాలి, బ్రేకులు, పెట్రోలు

పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి ఏ కారు చూసినా 32 పీఎస్ఐ పెడతాడు. తేలికపాటి బండికి అది చాలా ఎక్కువ. పాత ఎంఎక్స్-5కే 26 పీఎస్ఐ. అయిదారు వందల కిలోల బండికి 20 దగ్గర చాలు. ఎక్కువైతే టైరు మధ్య భాగమే నేలకి ఆనుతుంది, తడి రోడ్డు మీద బండి జారుతుంది. సొంత గేజు కొనుక్కోండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, ఎండలోకి తీయకముందే చూడండి.

బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ పరిమితి 155 డిగ్రీలకి పడిపోవచ్చు. ట్రాక్ మీద బ్రేకులు వేడెక్కి ఆ ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. పొడి ఊళ్లలో రెండేళ్లకోసారి మార్చినా నడుస్తుందేమో, ఇక్కడ ఏటా మార్చాలి. కొత్త ఫ్లూయిడ్ కొబ్బరినూనెలా లేత రంగులో ఉంటుంది. నా బండిలోంచి మొదటిసారి తీయించినప్పుడు పలచటి డికాషన్‌లా దిగింది. నాలుగు చక్రాల దగ్గరా గొట్టంలో లేత రంగు కనిపించేదాకా తీయించండి. సీల్ విప్పి నెలలు గడిచిన డబ్బా మాత్రం వాడనివ్వకండి.

పెట్రోలు సంగతి ఇప్పుడు ముఖ్యం. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి, ఉబ్బి, పగులుతాయి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్పించండి, కార్బురేటర్ ఉంటే లోపలి వాషర్లు కూడా. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. వానాకాలంలో బండి నెలకి పైగా నిలబడుతుందంటే ట్యాంకు నిండా పోసి ఉంచండి, లోపల ఖాళీ ఎంత తక్కువ ఉంటే తేమకి చోటు అంత తక్కువ.

మన రోడ్ల మీద

కొత్త దారిలో వెళ్లాలంటే ముందు బైక్ మీద ఒకసారి చూసి రండి. డిక్కీలో ఒక ఇటుక వేసుకుని వెళ్లండి. ఇటుకని పక్కకి నిలబెడితే నాలుగున్నర అంగుళాలు. ముందే ఇంట్లో బండి అడుగున ఆ ఇటుక పడుతుందో లేదో చూసుకుని ఉంటారు కాబట్టి, దారిలో స్పీడ్ బ్రేకర్ పక్కన అదే ఇటుక పెడితే మీ సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, తగులుతుందో లేదో తెలిసిపోతుంది. ఎత్తుగా ఉన్న బ్రేకర్‌ని నేరుగా ఎక్కకుండా, ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఏటవాలుగా ఒక్కో చక్రమే ఎక్కించండి.

ఈ బండి తిప్పడానికి సంక్రాంతి వెళ్లాక మార్చి దాకా మంచి రోజులు. జూన్ నుంచి దమ్ములు, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టి చేలు దున్నడం, మొదలైతే ఇనప చక్రాల ట్రాక్టర్లు తారు రోడ్డుని గీరేస్తాయి, చేలోంచి ఎక్కిన చోట నల్లమట్టి పెళ్లలు వదులుతాయి. ఆ మట్టి మీద చినుకు పడితే సబ్బు నీళ్లే. తేలిక బండికి అక్కడ బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోతాయి. ముందే గేరు తగ్గించి, స్టీరింగ్ నిటారుగా ఉంచి దాటండి. జులై, ఆగస్టుల్లో వరద. నీళ్లు నిలిచిన కాజ్‌వే ఎంత లోతో తెలియకుండా దిగవద్దు. గాలి తీసుకునే గొట్టం ఈ బండ్లలో కింద ఉంటుంది, ఒక్క గుక్క నీళ్లు తాగితే ఇంజన్ లోపల కడ్డీలు వంగిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రమైతే చేల మీంచి పచ్చదోమ లైట్ల మీదికి గుంపుగా వస్తుంది. అద్దం పొట్టిగా ఉన్న బండిలో అవి నేరుగా కళ్లలోకే. మూసుకుపోయే గాగుల్స్ లేదా వైజర్ ఉన్న హెల్మెట్ లేకుండా చీకటి పడ్డాక బయల్దేరకండి. ఇసుక లారీల వెనక పగలు కూడా అంతే. తడి ఇసుక నీళ్లు కార్చుకుంటూ పోతుంది, ఆరిన ఇసుక కళ్లలో పడుతుంది. దూరంగా ఉండండి, లేదా ఆగి టీ తాగి బయల్దేరండి.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల కాలం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను బండిని పోగొట్టుకునేవాణ్ణి. ఏప్రిల్లో ఒక పొద్దున కొత్తపేట దాటి వస్తున్నాను. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోశారు, రెండో సగంలో గడ్డి పరిచి ఉంది. నెమ్మదిగా గడ్డి మీంచి దాటాను. కిలోమీటరు వెళ్లాక పొయ్యిలో గడ్డి అంటించినప్పుడు వచ్చే వాసన. ఎవరో పొలంలో కాలుస్తున్నారనుకున్నాను. ఆ వాసన నాతోపాటే వస్తోందని తెలిసి ఆపి, పడుకుని కిందికి చూస్తే సైలెన్సర్ పైపు వంపులో పిడికెడు గడ్డి ఇరుక్కుని అంచున ఎర్రగా రాజుకుంటోంది. దానికి జానెడు దూరంలో పెట్రోలు గొట్టం. తాగే నీళ్ల బాటిల్ పోసి, కర్రతో లాగేశాను. ఆ రోజు నుంచి ప్యాసింజర్ కాళ్ల దగ్గర కిలో అగ్నిమాపక డబ్బా బిగించి ఉంటుంది. మీరూ పెట్టండి. గడ్డి మీంచి వెళ్లక తప్పకపోతే దాటిన వెంటనే ఆపి అడుగున చూడండి. ధాన్యం మీద మాత్రం ఎప్పుడూ ఎక్కించకండి. అది రైతు ఆర్నెల్ల కష్టం, పైగా గింజల మీద టైరు పట్టదు.

లారీ డ్రైవరుకి మీరు కనపడరు. బండి ఎత్తు ఆయన టైరంత. పక్కన ఉండిపోకండి, ముందైనా ఉండండి లేదా బాగా వెనకైనా. పగలు కూడా లైట్లు వేసుకోండి. చీకటి పడ్డాక గోడలేని కాలువ గట్ల మీదికి వెళ్లవద్దు. ఎదుటి లైట్లు సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటాయి, గట్టు అంచు కనపడదు.

ఇవన్నీ చదివి భయపడకండి. ఫిబ్రవరిలో పొద్దున ఆరు గంటలకి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా రావులపాలెం దాకా కాలువ వెంట ఒకసారి వెళ్లండి. నీళ్ల మీంచి చల్లగాలి, అరటి తోటల వాసన, పక్కన లాకుల చప్పుడు అన్నీ మీ ఒళ్లోకే వస్తాయి. మూసిన కారులో ఇదే దారి నేను వందసార్లు వెళ్లాను, ఆ వాసన నాకెప్పుడూ తెలియలేదు.

ట్రాక్‌కి తీసుకెళ్లడం

మనకి అందుబాటులో ఉన్నవి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరులోని 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే. మొదటిసారికి చెన్నై దగ్గర. రాజమండ్రి నుంచి 600 కిలోమీటర్లకి పైనే. హైవే మీద ఈ బండి నడుపుకుంటూ వెళ్లవచ్చు, నేను ఒకసారి వెళ్లాను, చేరేసరికి చేతులు వణుకుతున్నాయి. అలసిన మనిషి ట్రాక్ ఎక్కకూడదు. ఇప్పుడు 14 అడుగుల ఐషర్ వ్యాను మాట్లాడుకుంటాను. ఎక్కించడానికి రైస్ మిల్లు ప్లాట్‌ఫాం వాడతాను, వ్యాను వెనక్కి ఆనిస్తే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు. దింపేచోట ప్లాట్‌ఫాం ఉండదు కాబట్టి గట్టి రేకు ర్యాంపులు వెంట తీసుకెళ్లండి. బెల్టులు ఫ్రేముకి కాకుండా చక్రాలకి కట్టండి. ఫ్రేముకి కడితే 600 కిలోమీటర్ల కుదుపులూ సన్న పైపుల మీదే పడతాయి.

జనవరి చివర, ఫిబ్రవరి చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు, తర్వాత మార్చి దాటితే ఎండ.

వెళ్లే ముందు రోజు బండిలో వదులుగా ఉన్న ప్రతిదీ తీసేయండి, మ్యాటు, టూల్ సంచీ, సీటు కింది నీళ్ల బాటిల్. బాటిల్ దొర్లి బ్రేకు పెడల్ కిందికి వెళ్తుంది. బ్యాటరీ చేత్తో కదిపితే కదలకూడదు. లాగడానికి కొక్కెం ఉండాలి. బ్రేకు ప్యాడ్లు సగం కన్నా అరిగి ఉంటే కొత్తవి వేసుకుని వెళ్లండి. ఫుల్ ఫేస్ హెల్మెట్, పొడుగు చేతుల నూలు చొక్కా, పలచటి అడుగున్న బూట్లు. నైలాన్ బట్టలు మంట తగిలితే ఒంటికి అంటుకుంటాయి, వద్దు.

పక్కన మనిషిని మొదటి రోజు ఎక్కించకండి. 740 కిలోల బండిలో 70 కిలోల మనిషంటే దాదాపు పదో వంతు బరువు పెరిగినట్టు. బ్రేకు వేసే చోటు మారిపోతుంది, మీరు నేర్చుకున్న లెక్క తప్పుతుంది.

మొదటి సెషన్ మొత్తం దారి నేర్చుకోవడానికే. వెనకొచ్చే వాళ్లకి దారివ్వండి. బ్రేకు ఎప్పుడూ స్టీరింగ్ నిటారుగా ఉండగా వేసి, వదిలాకే తిప్పండి. మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకి పడి వెనక భాగం తిరిగిపోతుంది, తేలిక బండ్లలో ఇది చాలా త్వరగా జరుగుతుంది. అయిదారు రౌండ్లు చాలు. చివరి రౌండు బ్రేకులు దాదాపు ముట్టుకోకుండా నెమ్మదిగా తిప్పి చల్లార్చండి. పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చాక హ్యాండ్ బ్రేక్ వేయవద్దు, వేడి ప్యాడ్లు డిస్కుకి అతుక్కుంటాయి. వెంటనే టైరు గాలి చూడండి. వేడికి నాలుగైదు పీఎస్ఐ పెరిగి ఉంటుంది, పెరిగింది తీసేసి మీ అంకెకి తెచ్చుకోండి. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు తాగుతూ ఉండండి. హెల్మెట్‌లో చెమట ఎంత పోయిందో తెలియదు.

ఇంటికొచ్చాక

వ్యాను దిగగానే కప్పేసి పడుకోకండి. ట్రాక్ మీద గాలి తగ్గించిన టైర్లలో రోడ్డుకి కావలసినంత మళ్లీ పట్టించండి. చక్రాల నట్లు టార్క్ పానాతో, అంటే ఎంత బిగిందో కొలిచి చూపే పానాతో, బిగించి, 50 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి, పాలకాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని, స్టార్ట్ చేయకుండా మేస్త్రీని పిలవండి. ఫ్రేము జాయింట్ల దగ్గర పెయింటు పగిలిందేమో టార్చి పెట్టి ఒక్కో వెల్డింగూ చూడండి. పగిలిన చోట మన గాలికి వారంలో ఎర్రబడుతుంది. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, ఆరాక రంగు వేయండి. ఆ రాత్రికి బానెట్ కొంచెం ఎత్తి ఉంచి, సీట్ల కింద బల్బు వెలిగించండి.